తల్లి పక్కకి నెట్టేస్తున్న బుల్లి కుక్కపిల్ల గురించి

మూడు రోజుల కుక్కపిల్లని తల్లి నెట్టేస్తోంది, డ్రాపర్‌తో ఆవుపాలు పట్టినా మింగట్లేదు, ఒళ్లు చల్లగా ఉంది అన్నారు కదా, ముందు ఆ పాలు ఆపేయండి. నాకైతే ఇది ఆకలి కన్నా చలి సమస్యలా అనిపిస్తోంది. మొదటి రెండు వారాలు పిల్లలకి ఒంట్లో వేడి సొంతంగా నిలుపుకోవడం రాదు, చల్లబడితే పాలు అరగవు, పైగా అలాంటి పిల్లని తల్లి కూడా దూరం పెట్టేస్తుంది.

చొక్కా లోపల ఒంటికి ఆనించి మెల్లగా వెచ్చబెట్టండి, హీటర్ ముందు ఒక్కసారిగా వద్దు. నోట్లో వేలు పెడితే వెచ్చగా తగిలి చీకుతుంటే, అప్పుడు తల్లి వెనక రొమ్ముకి పట్టించండి, పాలు అక్కడే ఎక్కువ. అయినా తాగకపోతే పప్పీ మిల్క్ పౌడర్ కలిపి రెండు మూడు గంటలకోసారి, అదీ బోర్లా ఉంచి మాత్రమే, వెల్లకిలా పట్టారంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత తడి దూదితో కింద తుడవాలి, లేకపోతే ఉచ్చ కూడా పోయదు (మామూలుగా తల్లి నాకి చేయించే పని అది).

పిల్లల్ని ఉంచే పెట్టెలో ఈ వారం 30 డిగ్రీల దాకా ఉండాలి. రోజూ గ్రాముల్లో తూచి రాయండి, పది రోజులకి పుట్టిన బరువు డబుల్ అవ్వాలి.

మంచి బ్రీడర్లు (కుక్కల్ని ఈనించి పిల్లల్ని పెంచేవాళ్లు) ఈ మొదటి రోజుల్లో పెట్టె పక్కనే పరుపేసుకుంటారు, ఇంట్లోవాళ్లకి పిచ్చిలా కనిపిస్తుంది గానీ చీకట్లో అరుపు విని ఏ పిల్లో చెప్పేస్తారు. వెచ్చబడినా చీకకపోతే ఇవాళే వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) చూపించండి, తల్లినీ తీసుకెళ్లండి, రొమ్ములు గట్టిపడ్డాయేమో చూస్తారు.