అద్దె అగ్రిమెంట్‌లో రిపేర్ల మాట రాయించుకోవాల్సిందే

అద్దె ఇంట్లో రిపేర్లు ఎవరు చేయించాలి, ఆ సంగతి అగ్రిమెంట్‌లో రాయించుకోవడం అవసరమా అని అడిగారు. నూటికి నూరుపాళ్లూ అవసరం. ఓనర్ ఎంత మంచివారైనా సరే.

మేం కూకట్‌పల్లిలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం, పైన డాబా. జూలై ముసురుకు పడకగది గోడ చెమ్మ పట్టి పెచ్చులూడటం మొదలైంది. ఫోన్ చేస్తే ఓనర్ గారు "వానలు తగ్గనీయమ్మా, చూద్దాం" అన్నారు. మళ్లీ రెండుసార్లు చేసినా అదే మాట. ఒకరోజు పొద్దున్నే మా పాప స్కూలుకు తయారవుతూ, తడిచేత్తో ఫ్యాన్ స్విచ్ ఆపబోయి కెవ్వుమంది. చెయ్యి వెంటనే స్విచ్ నుంచి విడివడింది కాబట్టి బతికిపోయాం. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే లోపలంతా నీటిబొట్లు. గోడకు టెస్టర్ ఆనించాడు, వెలిగింది. స్విచ్చుకు కాదండీ, గోడకు! ఎర్త్ వైరు అసలు కలపనే లేదు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే షాక్ తగిలిన క్షణంలోనే కరెంటు పోయేదని అతను చెప్తుంటే నా కాళ్లు వణికాయి. ఆ రాత్రి ఆ గదికి కరెంటు తీసేసి అందరం హాల్లో పడుకున్నాం.

ఖర్చు అడిగితే ఓనర్ గారు అగ్రిమెంట్ తీశారు. "ఇంటిని మంచి స్థితిలో ఉంచే బాధ్యత అద్దెకున్నవారిది" అని ఒక్క వాక్యం. జిరాక్స్ షాపులో పేర్లు, అద్దె మార్చి ప్రింట్ తీసిచ్చే 11 నెలల కాగితం అది. నెల అద్దె కమీషన్ తీసుకున్న బ్రోకరైనా ఒక్క మాట చెప్పలేదు. పైగా ఖాళీ చేసేటప్పుడు, చెమ్మకు పాడైన ఆ గోడకే రంగులు వేయించాలని మా అడ్వాన్సులో కోశారు. ఇది అన్యాయం, ఇప్పటికీ తలచుకుంటే కోపం వస్తుంది.

ఓనర్ చేయించాల్సిన రిపేరును చెప్పినా తగిన సమయంలో చేయించకపోతే, మనమే చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. కానీ అగ్రిమెంట్‌లో వేరేలా రాసి ఉంటే అదే చెల్లుతుంది. మేం దెబ్బతిన్నది అక్కడే. ఎవరి వంతు ఏదో తేల్చుకోవడానికి రాష్ట్రాలకు నమూనాగా కేంద్రం ఇచ్చిన అద్దె చట్టం, 2021 మోడల్ టెనెన్సీ యాక్ట్ చివర మంచి జాబితా ఉంది. గోడలు, కప్పు లాంటి కట్టడం రిపేర్లు, పైపులు మార్చడం, వైరింగ్, సున్నం ఓనర్‌వి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేర్లు మనవి. ఇప్పుడున్న ఇంటి అగ్రిమెంట్‌లో నేను దాన్నే దించాను.

అందులో ఇంకో వాక్యం కూడా చేర్పించాను: కరెంటు, లీకేజీ సమస్యను వాట్సాప్‌లో పెట్టిన 3 రోజుల్లో ఓనర్ చేయించాలి, లేదంటే మేం చేయించి బిల్లు అద్దెలో తగ్గించుకుంటాం. "ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదమ్మా" అంటూనే ఈ ఓనర్ గారు సంతకం పెట్టారు. పోయిన వానాకాలం బాత్‌రూమ్ కప్పు కారితే ఫొటో పెట్టాను. మర్నాడు సాయంత్రానికి మేస్త్రీ వచ్చాడు.