ఘాట్ రోడ్డు దిగేటప్పుడు స్టీరింగ్ వణుకు: డిస్కులు కొనే ముందు హబ్ చూడండి

మీ కారుకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఘాట్ రోడ్డు దిగడం మొదలుపెట్టిన పది నిమిషాలకు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, కిందికొచ్చి కాసేపు నడిపాక చాలావరకు తగ్గుతోంది. డిస్కులు మార్చి 6 వేల కిలోమీటర్లే అయినా, అవి బెండ్ అయ్యాయి మళ్ళీ మార్చాలని మెకానిక్ అన్నాడు. మార్చాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే వద్దు. కొలవకుండా మారిస్తే ఇంకో 6 వేల కిలోమీటర్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ అడుగుతారు.

పోత ఇనుము డిస్కు వేడికి శాశ్వతంగా వంగిపోవడం అరుదు. ఎక్కువగా జరిగేది మందంలో తేడా రావడం. చుట్టూ ఒకే మందం ఉండాల్సిన డిస్కు ఒకచోట 0.015 మి.మీ. పలచబడినా చాలు, చాలా కార్లలో కాలికి, చేతికి తెలిసిపోతుంది. మందంగా ఉన్నచోట డిస్కుని రెండు పక్కలా పట్టే ప్యాడ్లు వాటిని నొక్కే పిస్టన్‌ని వెనక్కి నెడతాయి, పలచగా ఉన్నచోట పట్టు వదులవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఇదే. 80 కి.మీ. వేగంలో చక్రం సెకనుకి దాదాపు 11 సార్లు తిరుగుతుంది కాబట్టి మీకది వణుకులా అనిపిస్తుంది.

ఆ పలచబడటం ఎలా మొదలవుతుందంటే, డిస్కు హబ్ (డిస్కు, చక్రం బిగించే తిరిగే భాగం) మీద సరిగ్గా కూర్చోదు, తిరిగేటప్పుడు అంచు అటూ ఇటూ ఊగుతుంది. దీన్నే రనౌట్ అంటారు. బ్రేకు తొక్కకపోయినా ఊగే భాగం ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది, కొన్ని వేల కిలోమీటర్లలో అక్కడ అరిగిపోతుంది. కొత్త డిస్కులు మొదట బాగుండి తర్వాత వణకడం మొదలైతే నా మొదటి అనుమానం హబ్ మీదే. రెండో కారణం, బాగా కాలిన బ్రేకుతో ఆగి పెడల్ అలాగే తొక్కి ఉంచడం. ప్యాడ్ ఉన్నచోట దాని పదార్థం డిస్కుకి అంటుకుని అచ్చు పడుతుంది.

దిగుడులోనే ఎందుకు బయటపడుతుందో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. 1500 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 73 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడో ఖర్చు కావాలి. 100 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగడం పన్నెండు సార్లకు పైగా చేసినంత! ఇదంతా బ్రేకుల మీదే పడితే, చల్లబడే అవకాశం లేకపోతే, 30 కిలోల ఇనుము 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. గాలి కొంత చల్లబరుస్తుంది, ఇంజిన్ కొంత మోస్తుంది, కానీ చిన్న లోపం పెద్దదిగా కనబడటానికి ఆ వేడి చాలు.

ముందు ఏ చక్రమో తేల్చండి. బ్రేకు వేయకుండా కూడా వణికితే అది టైరు లేదా వీల్ బ్యాలెన్సింగ్, ఈ జవాబు మీకు కాదు. బ్రేకు వేస్తే స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు, సీటు కింద ఊగితే వెనకవి. ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద 50 కి.మీ. వేగంలో హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని నెమ్మదిగా లాగండి. అప్పుడు వణికితే డ్రమ్ములు గుండ్రం తప్పాయి. బటన్ వదిలితే చక్రాలు లాక్ కావచ్చు, జాగ్రత్త. ఇక చల్లగా ఉన్నప్పుడు 80 నుంచి తేలిగ్గా బ్రేకు వేసి చూడండి. సన్నగానైనా తెలిస్తే మందం తేడా శాశ్వతంగా ఉన్నట్టే. అస్సలు తెలియకుండా వేడిలో మాత్రమే వస్తే డిస్కు మీద నీలం మచ్చలు వెతకండి.

కొలవడానికి రెండు పరికరాలు కావాలి, మందానికి మైక్రోమీటర్, రనౌట్‌కి అయస్కాంత స్టాండుతో డయల్ గేజ్. వెర్నియర్ కాలిపర్‌తో ఈ పని కాదు. కారుని స్టాండ్ల మీద నిలిపి చక్రం తీసి, వాషర్లు వేసి వీల్ నట్లతో డిస్కుని హబ్‌కి బిగించండి. గేజ్ ముల్లు డిస్కు అంచు నుంచి 10 మి.మీ. లోపల ఆనించి చేత్తో ఒక చుట్టు తిప్పండి. 0.05 మి.మీ. లోపు ఉంటే మంచిది, మీ కారు పరిమితి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత అదే దూరంలో ఎనిమిది చోట్ల మందం కొలిచి రాసుకోండి.

రనౌట్ ఎక్కువ వస్తే డిస్కు మీద ఒక నట్టు దగ్గర సుద్దతో గుర్తుపెట్టి విప్పండి. హబ్ ముఖం చూడండి, నట్ల చుట్టూ పొలుసుగా తుప్పు కనిపిస్తుంది. హబ్ వెడల్పు 14 సెం.మీ., డిస్కు 28 సెం.మీ. అనుకుంటే, హబ్ అంచున 0.03 మి.మీ. తుప్పు డిస్కు అంచుకొచ్చేసరికి 0.06 అవుతుంది. పరిమితి అక్కడే దాటేసింది. వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకండి, డిస్కు లోపలి ముఖం కూడా. గ్రీజు దట్టంగా పూయకండి, అదీ ఒక పొరే. మళ్ళీ బిగించి కొలవండి. తగ్గకపోతే డిస్కుని ఒక నట్టు పక్కకి తిప్పి బిగించి చూడండి, కొన్నిసార్లు హబ్ లోపం, డిస్కు లోపం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయినా తగ్గకపోతే వీల్ బేరింగ్‌లో ఆట (వదులు) ఉందేమో చూడండి.

డిస్కు తీయడానికి బ్రేకు కాలిపర్ (ప్యాడ్లని పట్టి ఉంచే భాగం) విప్పారు కాబట్టి అది జారే పిన్నులు వేళ్ళతో లాగండి. జారుతూ రావాలి. బిగుసుకుని ఉంటే శుభ్రం చేసి బ్రేకులకే వాడే సిలికాన్ గ్రీజు పెట్టండి, మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది కడ్డీ) రబ్బరు బుష్‌లు పగిలి ఉంటే చిన్న వణుకుని పెద్దది చేసి చూపిస్తాయి, వాటినీ ఒకసారి కదిపి చూడండి.

మందం తేడా 0.015 దాటితే లేత్ మీద ఫేసింగ్ (ముఖం సమంగా కోయడం) చేయించవచ్చు. డిస్కు మీద అచ్చుపోసిన కనిష్ఠ మందం కంటే తగ్గకూడదు, రెండు పక్కల డిస్కులూ చేయించాలి. కారు మీదే బిగించి కోసే మిషన్ దొరికితే అదే మేలు, హబ్ లోపం కూడా కలిసి సరిపోతుంది. నీలం మచ్చలున్న డిస్కుకి మాత్రం ఫేసింగ్ దండగ. అక్కడ ఇనుము గట్టిపడి ఉంటుంది, ఆ గట్టిదనం లోపలికి కూడా దిగుతుంది. చుట్టుపక్కల అరిగినకొద్దీ మచ్చ మళ్ళీ పైకి తేలుతుంది. అప్పుడు డిస్కులు, ప్యాడ్లు రెండూ మార్చాల్సిందే.

చక్రం బిగించేటప్పుడు గాలి గన్‌తో ఠకఠకా కొట్టనివ్వకండి. నట్లు ఎదురెదురుగా, రెండు విడతల్లో, మాన్యువల్‌లోని అంకెకి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే రెంచ్) బిగించాలి. కొత్త ప్యాడ్లు వేస్తే 60 నుంచి 20కి ఓ మోస్తరుగా తొక్కుతూ ఎనిమిది పది సార్లు తగ్గించండి, మధ్యలో పూర్తిగా ఆపకండి. తర్వాత పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్ల పెట్టె మీద వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి.

దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించండి, మధ్యలో కాదు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో లేదా ఎల్ (తక్కువ గేరు)లో పెట్టండి. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచడం కంటే, వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి 10 కి.మీ. తగ్గించి పూర్తిగా వదలడం మేలు. పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే అది వణుకు సమస్య కాదు, బ్రేకు ఆయిల్ మరుగుతోంది. పెడల్ గట్టిగానే ఉన్నా కారు ఆగకపోతే ప్యాడ్లు పట్టు కోల్పోయాయి. రెండిట్లో ఏదైనా వెంటనే తక్కువ గేరులో వేగం తగ్గించి పక్కన ఆపండి, చక్రాలకి రాళ్ళు పెట్టి అరగంట వదిలేయండి, నీళ్ళు మాత్రం పోయకండి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మీ కారులో ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటి ఉంటే ఇదే విప్పుడులో అదీ మార్పించేయండి.