టెక్ సందేహాలు: లైబ్రరీకి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే...

ప్రశ్న: మా లైబ్రరీలో పుస్తకాల జాబితా, ఇష్యూ, రిటర్న్ పనులు చూసే కోహా సాఫ్ట్‌వేర్ పెట్టి, ఒక్కపూట ట్రైనింగ్ ఇచ్చి వెళ్లారు. తప్పు బటన్ నొక్కితే రికార్డులు పోతాయేమోనని అందరికీ టెన్షన్. పని తెలిసిన ఒక్కాయన మీదే భారమంతా పడుతోంది. మిగతావాళ్లం నేర్చుకునేదెలా?

జవాబు: కోహా మీరు భయపడేంత సున్నితమైనదేమీ కాదు. పాఠకుడి దగ్గరున్న పుస్తకాన్ని డిలీట్ చేయబోతే ఒప్పుకోదు. ఎవరు ఏం మార్చారో లాగ్‌లో చూసుకోవచ్చు. అయితే అందరూ ఒకే లాగిన్ వాడుతుంటే ఆ లాగ్ ఉన్నా లేనట్టే. అందుకని ముందు ఎవరి లాగిన్ వారికి పెట్టించండి. కౌంటర్‌లో కూర్చునేవారికి ఇష్యూ, రిటర్న్ అనుమతులు చాలు. అన్ని పనులూ చేయనిచ్చే సూపర్ లైబ్రేరియన్ హక్కులు ఒకరిద్దరికి ఉంటే సరిపోతుంది.

తర్వాత, ఇన్‌స్టాల్ చేసినవాళ్లను విడిగా ఒక టెస్ట్ కాపీ పెట్టమని అడగండి. కోహా ఓపెన్ సోర్స్ కాబట్టి దానికి లైసెన్స్ ఫీజు ఉండదు. అందులో ఉత్తుత్తి మెంబర్లను చేర్చండి, ఫైన్ వేయండి, మాఫీ చేయండి. వేరే లైబ్రరీల క్యాటలాగుల్లో వెతికే జెడ్39.50 సెర్చ్‌లో ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) కొట్టి వేరే లైబ్రరీ తయారుచేసిన రికార్డును దించుకోండి. ఇది ఒక్కటి పట్టుబడితే క్యాటలాగింగ్‌లో టైపింగ్ చాలావరకు తప్పుతుంది.

ప్రొజెక్టర్ పెట్టి పూటంతా చెప్పే ట్రైనింగ్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 2006లో అమెరికాలోని షార్లెట్ మెక్లెన్‌బర్గ్ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ ‘23 థింగ్స్’ అని ఒక పద్ధతి పెట్టారు. బ్లాగు తెరవడం, ఫొటోలు షేర్ చేయడం లాంటి 23 చిన్న పనులు ఇచ్చి, సిబ్బందిని ఎవరి వీలునుబట్టి వారిని చేసుకోమన్నారు. పూర్తిచేసినవారికి ఎంపీ3 ప్లేయర్ ఇచ్చారు కూడా! తర్వాత చాలా దేశాల లైబ్రరీలు దీన్ని అందుకున్నాయి. మీరూ వారానికి రెండు పనులు రాసి గోడకు అంటించండి. ఒక్క షరతు: పని తెలిసినాయన పక్కన కూర్చుని చెప్పాలే తప్ప మౌస్ ముట్టుకోకూడదు.

ప్రశ్న: పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో ఎక్కిస్తుంటే ఐఎస్‌బీఎన్ నంబర్లు 9.78ఈ+12 అని మారిపోతున్నాయి. తెలుగు పేర్లేమో ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి.

జవాబు: 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను ఎక్సెల్ మామూలు సంఖ్య అనుకుంటోంది. కాలమ్ వెడల్పు పెంచి, నంబర్ ఫార్మాట్‌లో దశాంశాలు సున్నా పెడితే అంకెలన్నీ మళ్లీ కనిపిస్తాయి. అలా సరిచేయకుండా సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేశారో, తెరమీద కనిపించేదే ఫైల్‌లోకి వెళ్లి అసలు నంబరు పోతుంది. పాత పది అంకెల ఐఎస్‌బీఎన్‌లతో ఇంకో తంటా, మొదట్లో సున్నా ఉంటే ఎగిరిపోతుంది. కాబట్టి ఎంట్రీ మొదలుపెట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. సీఎస్‌వీ ఫైల్‌ను డబుల్ క్లిక్‌తో తెరవకుండా, డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసుకుని ఆ కాలమ్‌కు టెక్స్ట్ అని చెప్పండి. ఇక తెలుగు సంగతంటారా, సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి, చాలు.

ప్రశ్న: బార్‌కోడ్ స్కాన్ చేయగానే, మిగతా వివరాలు నింపకముందే ఫారం సబ్మిట్ అయిపోతోంది. స్కానర్ పాడైందా?

జవాబు: లేదు. స్కానర్ కూడా కంప్యూటర్ దృష్టిలో ఒక కీబోర్డే. నంబరు కొట్టాక చివర ఎంటర్ కూడా తనే నొక్కుతోంది. దాంతోపాటు వచ్చిన మాన్యువల్‌లో సెట్టింగుల బార్‌కోడ్‌లు ఉంటాయి. ఎంటర్ బదులు ట్యాబ్ అని ఉన్నదాన్ని స్కాన్ చేయండి. ఇష్యూ కౌంటర్‌లోని స్కానర్‌ను మాత్రం కదిలించకండి, అక్కడ ఆ ఎంటర్ కావాలి.