కోట్ల చెయ్యి, లెక్కపెట్టిన బంతులు

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మొన్న వెళ్లినప్పుడు బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. ఒక పిచర్ (బంతి విసిరేవాడు) ఆరు ఇన్నింగ్స్ దాకా అవతలివాళ్లని కదలనివ్వలేదు. తీరా ఏడో ఇన్నింగ్స్‌కి అతన్ని కూర్చోబెట్టి వేరేవాణ్ని దింపారు, మ్యాచ్ పోయింది. అంత బాగా వేస్తున్నవాణ్ని తీసెయ్యడమేంటండీ? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఒళ్లు మండింది మీకొక్కరికే కాదు లెండి, టికెట్ కొన్న అమెరికన్లు కూడా మేనేజర్‌ని తిట్టుకునేది సరిగ్గా అక్కడే. కొంత ఆట లెక్క ఉంది: ఒకే పిచర్‌ని మూడోసారి ఎదుర్కునేసరికి బ్యాటర్లకి అతని బంతులు అలవాటైపోయి బాదుడు మొదలవుతుంది. అసలు భయం మాత్రం మోచేతి గురించే. గంటకి 150 కిలోమీటర్లు దాటిన వేగంతో విసిరిన ప్రతిసారీ మోచేతి లోపలివైపు లిగమెంట్ మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. అది తెగిందా, టామీ జాన్ ఆపరేషనే గతి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదట చేసింది టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచర్‌కి, ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ తర్వాత పిచర్ ఏడాది పైనే ఖాళీగా కూర్చోవాలి. అందుకే వేసిన ప్రతి బంతికీ లెక్క రాస్తారు, వంద దగ్గర పడుతుంటే డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) టెన్షన్ మొదలవుతుంది.

పైగా అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో పెద్ద కాంట్రాక్టులన్నీ గ్యారంటీవి. ఆటలో దెబ్బ తగిలి మనిషి మంచమెక్కినా జీతం ఆగదు, రాసిన డబ్బంతా జట్టు యజమాని ఇచ్చుకోవాల్సిందే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మీరు చూసిన మ్యాచ్ ఒక్కటే కాదు, వాళ్లు చేసే వింతలు చాలావరకు అర్థమైపోతాయి.

పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ సంగతే చూడండి. 2009 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) మొట్టమొదటి ఆటగాడిగా వాషింగ్టన్ నేషనల్స్ తీసుకుంది. 2010 జూన్‌లో తొలి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు (అంటే బ్యాటర్ బంతిని సరిగ్గా కొట్టలేకే అవుటైపోవడం), ఊరంతా పండగ. మూడు నెలలు తిరక్కుండానే మోచెయ్యి పోయింది, టామీ జాన్. 2012లో కోలుకుని మళ్లీ అదరగొడుతున్నాడు, జట్టు ఎప్పుడూ లేనంత ఊపు మీద ఉంది. జనరల్ మేనేజర్ మైక్ రిజ్జో మాత్రం ఈ ఏడాదికి ఇతని చేతికి ఇంతే పని అని ముందే గీత గీసుకున్నాడు. సెప్టెంబర్‌లో, 159 ఇన్నింగ్స్ దాటగానే ఆపేశాడు. మనిషికి నొప్పి లేదు, గాయం లేదు! 98 మ్యాచ్‌లు గెలిచిన జట్టు తన మేటి పిచర్ లేకుండా ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ పోటీలకి) వెళ్లి, కార్డినల్స్ జట్టుతో ఆఖరి మ్యాచ్‌లో 6-0 ఆధిక్యంలో ఉండి కూడా 9-7 తేడాతో ఓడిపోయింది. వాషింగ్టన్‌లో ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది.

నన్నడిగితే, గీత గీయడం తప్పు కాదు, ఆ ఇన్నింగ్స్‌ని సీజన్ మొదలయ్యే ఏప్రిల్ నుంచే గబగబా ఖర్చుపెట్టేయడం తప్పు. మొదట్లో కాస్త ఆలస్యంగా దింపినా, మధ్యలో రెండు వారాలు ఆపినా ప్లేఆఫ్స్ జరిగే అక్టోబర్‌కి కొన్ని ఇన్నింగ్స్ మిగిలేవి.

అయితే 2019లో నేషనల్స్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు అందులో మేటి ఆటగాడు స్ట్రాస్‌బర్గే. చూశారా, దాచుకున్నందుకే దక్కాడని రిజ్జో పక్షం వాళ్లు కాలరెగరేశారు. ఆ సంబరంలోనే ఏడేళ్లకి 24.5 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాశారు. ఆ ఒప్పందం కింద అతను ఆడింది మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. మెడ, భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయే జబ్బు పట్టుకుంది, 2024లో రిటైరయ్యాడు. ఏ లెక్కకీ అందలేదు.

ప్రశ్న: మన బుమ్రాని ఆపడం కూడా ఇలాంటిదేనా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: భయం ఒకటే, డబ్బు లెక్క వేరు. 2025లో ఇంగ్లండ్ మీద బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడాడు. మీ ఊరి సిరాజ్ ఐదూ ఆడి, 185 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీశాడు. అంత మోతని బేస్‌బాల్ జట్టు డాక్టర్ చూస్తే గుండె పట్టుకుంటాడు!

ప్రశ్న: అన్ని కోట్లు పోసేటప్పుడు ఇన్సూరెన్స్ చేయించుకోవచ్చు కదా? (విశాఖ పాఠకురాలు, బీమా ఉద్యోగి)

జవాబు: మీ వృత్తికి తగ్గ ప్రశ్న. చేయిస్తారు, దొరికితే. బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు ఆల్బర్ట్ బెల్ అనే బ్యాటర్‌కి ఐదేళ్లకి 6.5 కోట్ల డాలర్లు రాస్తే, రెండేళ్లకే తుంటి కీలు అరిగిపోయి ఆట మానేశాడు. మిగిలిన మూడేళ్ల జీతంలో ఎక్కువ భాగం బీమా కంపెనీయే కట్టింది. అయితే ఆ డబ్బు కోసం, ఇక ఆడలేని మనిషి పేరుని కాంట్రాక్టు అయిపోయేదాకా జట్టు జాబితాలో ఉంచాల్సి వచ్చింది. అక్కణ్నుంచి కంపెనీలు చెయ్యి బిగించాయి. మూడేళ్లకి మించి పాలసీ దొరకడం కష్టం, పాత గాయం ఉన్న చోటికి కవర్ ఇవ్వరు, ప్రీమియమేమో ఆకాశంలో ఉంటుంది. స్ట్రాస్‌బర్గ్ ఒప్పందానికి అసలు బీమాయే లేదని అమెరికా పత్రికలు రాశాయి.

దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌కి వెళ్లాలంటే మాత్రం బీమా దాదాపు తప్పనిసరి. 2023లో న్యూయార్క్ మెట్స్ పిచర్ ఎడ్విన్ డియాజ్ ప్యూర్టోరికోని గెలిపించి, తోటివాళ్లతో కలిసి గంతులేస్తూ కుప్పకూలాడు. మోకాలి చిప్ప కింది స్నాయువు తెగింది. చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు, సీజన్ మొత్తం పోయింది. బీమా ఉంది కాబట్టి మెట్స్‌కి జీతం డబ్బు తిరిగొచ్చింది, మ్యాచ్‌లు ఆఖర్లో ముగించే మనిషి మాత్రం రాలేదు కదా. అదే టోర్నీలో ఆడాలని ఉన్నా డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా బీమా కుదరక ఆగిపోయాడు.

ప్రశ్న: సెలవు రోజు ఆటగాడు ఏం చేసుకుంటే జట్టుకెందుకు? (తిరుపతి పాఠకుడు)

జవాబు: కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది: బాస్కెట్‌బాల్ ఆడకూడదు, మోటార్‌సైకిల్ ఎక్కకూడదు, ఇలా పెద్ద జాబితా. ఇక్కడ గ్యారంటీ కూడా పనిచేయదు. 2003 అక్టోబర్‌లో ఆరన్ బూన్ 11వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి తన జట్టు యాంకీస్‌ని వరల్డ్ సిరీస్‌కి చేర్చాడు, న్యూయార్క్‌లో దేవుడైపోయాడు. జనవరిలో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. వ్యాయామం చేస్తుంటే జరిగిందని చెప్పి ఉండొచ్చు, అలా చెప్పలేదు, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. 57.5 లక్షల డాలర్ల ఒప్పందంలో సుమారు 9 లక్షలు చేతిలో పెట్టి యాంకీస్ పంపించేసింది, ఆ స్థానంలోకి అలెక్స్ రోడ్రిగెజ్‌ని తెచ్చుకుంది. అదే యాంకీస్ 2018 నుంచి బూన్‌ని మేనేజర్‌గా పెట్టుకుంది, ఎవరికి ఎప్పుడు విశ్రాంతివ్వాలో ఇప్పుడు చూసుకునేది ఆయనే.