రేడియోలు అమ్మి కాలేజీ ఫీజు కట్టవచ్చా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారు నలభై ఏళ్లకు పైగా రేడియో మెకానిక్‌గా పనిచేశారు. నిరుడు కాలం చేశారు. ఆయన దాచుకున్న వాల్వు రేడియోలు (లోపల గాజు గొట్టాలతో పనిచేసే పాతకాలపువి) తొమ్మిది ఇంట్లో ఉన్నాయి. మా తమ్ముడు ఇంటర్నెట్‌లో ఇలాంటి వాటికి పెట్టిన ధరలు చూసి, అన్నీ కలిపి రూ.4,85,000 చేస్తాయని జాబితా వేశాడు. ఒక పాతసామాను వ్యాపారి మొత్తం రూ.27,000కు తీసుకుంటానంటే కోప్పడి పంపేశాడు. మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపి ఆగస్టులో రూ.1,80,000 కట్టాలి. బ్యాంకులో రూ.2,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని కదపకుండా నా నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టి, రేడియోలు అమ్ముడయ్యాక విడిపించుకుందామనుకుంటున్నాను. ప్రకటనలో ‘అత్యంత అరుదైనది’ అని రాయకపోతే ఎవరూ చూడరని తమ్ముడు అంటున్నాడు. అలా రాయమంటారా? జాబితా, ఫొటోలు జతచేశాను.

జవాబు: ముందు ఫీజు సంగతి. ఆ రూ.1,80,000కూ ఈ రేడియోలకూ ముడి పెట్టకండి. నగలు తాకట్టు పెట్టకండి. కారణం మీ లెక్కలోనే ఉంది.

మీ నాన్నగారు వీలునామా రాయలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. అలాగైతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి సమాన వాటాలు వస్తాయి. మీ తమ్ముడి జాబితాలోని ప్రతి రూపాయీ రేపే చేతికొచ్చినా మీ వాటా రూ.1,61,666. ఫీజుకు అదీ చాలదు. వ్యాపారి చెప్పిన రూ.27,000 ప్రకారమైతే మీ వంతు రూ.9,000. నగల మీద పది శాతం వడ్డీకి రూ.1,80,000 తెస్తే ఆరు నెలల వడ్డీయే రూ.9,000 అవుతుంది. అంటే రేడియోలు కొనేవాళ్ల కోసం ఎదురుచూసే ఆరు నెలల్లో వాటి విలువలో మీ వాటా వడ్డీకే సరిపోవచ్చు. ఆ తరువాత నగల వడ్డీ మీ జీతంలోంచి పోవడం మొదలవుతుంది.

ఇక ఆ రూ.4,85,000 ఎలా వచ్చిందో చూద్దాం. మీ తమ్ముడు చూసినవన్నీ అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. అమ్ముడుపోయిన ధరలు కావు. లక్షా యాభై వేలకు పెట్టిన మర్ఫీ రేడియో ప్రకటన ఏడాదిగా అక్కడే ఉందంటే, ఆ ధరకు ఎవరూ కొనలేదనే మనకు తెలిసినట్టు. దాన్ని చూసి ఇంకొకరు లక్షా అరవై వేలకు పెడతారు, ఆ రెండింటినీ చూసి మూడో ఆయన లక్షన్నరను ‘మార్కెట్ రేటు’ అంటారు. మధ్యలో ఒక్క రూపాయి చేతులు మారలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను నేను ఈ మాట మీద చాలాసార్లు గుర్తుచేసుకున్నాను. ఈబేలో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపే వడపోత ఉంది, అది పెట్టి చూడమనండి. మన దగ్గరి ప్రకటనల వెబ్‌సైట్లలో అలాంటి సదుపాయం దాదాపు కనబడదు కాబట్టి, హైదరాబాద్ వెళ్లే పని ఉంటే ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఒక గంట తిరిగి, ఇలాంటి పెట్టె ఎంతకు పోతుందో అమ్మేవాళ్లను కాకుండా కొనేవాళ్లను అడగమనండి.

జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకె నేషనల్ ఎక్కో రేడియోది, రూ.1,20,000. పక్కన మీ తమ్ముడు ఆధారంగా పెట్టిన ఫొటో చూశాను. అది ఇంగ్లండులో 1934లో వచ్చిన ఎక్కో ఏడీ65. వెల్స్ కోట్స్ అనే వాస్తుశిల్పి గీసిన గుండ్రటి బేకలైట్ (తొలినాటి ప్లాస్టిక్) పెట్టె. మ్యూజియంలలో పెట్టుకున్న రేడియో అది, దాన్ని రేడియో కోసం కాక రూపకల్పన కోసం కొంటారు. మీ ఇంట్లో ఉన్నది బొంబాయి కంపెనీ నేషనల్ ఎక్కో వారిది, ఆ కంపెనీయే తరువాత నెల్కో అయింది. పలకల చెక్క పెట్టె, కింద నాలుగు నాబ్‌లు. మంచి రేడియోనే. పేరులో రెండు అక్షరాలు కలిసినంత మాత్రాన ఆ ధర దీనికి రాదు. ఈ ఒక్క పొరపాటు సరిదిద్దితేనే మీ జాబితాలో దాదాపు నాలుగో వంతు పోతుంది.

రెండో పెద్ద అంకె ‘1942 నాటి, స్వాతంత్ర్యానికి పూర్వపు’ ఫిలిప్స్‌ది. వెనక అట్ట తీసి మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, దుమ్ము పట్టిన సన్నటి గాజు వాల్వు మీద ఈఎల్84 అని తెల్లటి అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. ఆ వాల్వు 1953లో వచ్చింది. మీ నాన్నగారే తరువాత మార్చి ఉంటారనుకుందామా? దానికి తొమ్మిది కాళ్లు, 1942 నాటి సాకెట్లో అది కూర్చోదు. సాకెట్ కూడా మార్చి ఉంటే ఆ సెట్టు పూర్తిగా అసలుది కాదు. ఏ విధంగా చూసినా 1942 అని రాయడానికి వీల్లేదు. మిగతావాటికీ ఇలాంటి గుర్తులు ఉంటాయి. డయలు మీద వివిధభారతి అని అచ్చయి ఉంటే అది 1957 అక్టోబరు తరువాతిది. కిలోసైకిళ్లకు బదులు కిలోహెర్ట్జ్ అని ఉంటే చాలావరకు 1960 తరువాతిది, ఎందుకంటే హెర్ట్జ్‌ను అంతర్జాతీయ కొలమానాల పద్ధతిలో చేర్చింది ఆ ఏడాదే. ‘1945 నాటి ట్రాన్సిస్టర్’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, ట్రాన్సిస్టర్‌ను కనుక్కున్నదే 1947 డిసెంబరులో.

‘పురాతన వస్తువు’ అన్న మాట కూడా మీ తమ్ముడి ప్రకటన ముసాయిదాలో ఉంది. మన 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్లు నిండిన వాటినే ఆ పేరుతో పిలుస్తుంది. అరవై ఏళ్ల రేడియో పాత రేడియో. అలాగే రాయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ‘అరుదు’ అని రాయాలా అని. రాయకండి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ కంపెనీలు ఈ రేడియోలను వాడవాడలా అమ్మాయి. మర్ఫీ వారి బోసినవ్వుల పాపాయి బొమ్మ చూడని ఇల్లు ఆ తరంలో తక్కువ. అంత విరివిగా అమ్ముడైన వస్తువు అరుదు అంటే తెలిసినవాడు నవ్వి పక్కకు పోతాడు, తెలియనివాడు మాత్రమే ఆగుతాడు. ఆ తెలియనివాడు కొని, ఇంటికి తీసుకెళ్లి, నిజం తెలిశాక మీ ఇంటికే వస్తాడు. తప్పు వివరం చెప్పి అమ్మితే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టమే కొనుగోలుదారుకు ఇచ్చింది. మీరప్పటికి ఆ డబ్బు ఫీజుకు కట్టేసి ఉంటారు. ఒకవేళ మీ ఇంట్లో ఏదైనా సెట్టు నిజంగానే తక్కువగా దొరికేదైనా, తక్కువగా దొరకడం వేరు, కావాలనేవాళ్లు ఉండడం వేరు. ఊరంతటికీ ఒక్కటే ఉన్నా అడిగేవాళ్లు లేకపోతే దానికి ధర రాదు.

ధర తెచ్చేవి వేరే ఉన్నాయి. పగలని డయలు గాజు, అసలు నాబ్‌లు అన్నీ ఉండడం, వెనక అట్ట పోకుండా ఉండడం, పురుగు తినని చెక్క, మ్యాజిక్ ఐ (స్టేషను సరిగ్గా కలిసిందో లేదో చూపే దీపం) ఉన్న సెట్టులో ఆ పచ్చకన్ను ఇంకా వెలగడం. అన్నిటికన్నా ముఖ్యం, పాడడం. వాల్వులు దొరకవన్న భయంతో ధర పెంచుతారు కొందరు. ఈసీహెచ్81, ఈఎల్84 లాంటివి విస్తారంగా తయారైనవి, బెంగళూరులో ప్రభుత్వ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) కూడా రేడియో వాల్వులు చేసింది. చాలా సెట్లలో ముందు పాడయ్యేది వాల్వు కాదు, కండెన్సరు (కరెంటును కాస్త నిల్వ చేసే చిన్న భాగం). మీ తమ్ముడు బుష్ రేడియోను నేరుగా ప్లగ్గులో పెడితే ముందు గుయ్యిమని, తరువాత మైనం కాలిన వాసన వచ్చిందని రాశారు కదా, అది అదే. దయచేసి ఇంకొకటి అలా పెట్టవద్దని చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మూడు వేల రేడియో మూడు వందల చెక్కపెట్టె అవుతుంది, పైగా కొన్ని సెట్లలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు ఉంటుంది. మీ నాన్నగారి స్నేహితుల్లో పాత మెకానిక్ ఎవరైనా ఉంటే పిలిచి, సిరీస్ బల్బు (కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వెళ్లకుండా మధ్యలో కలిపే బల్బు) పెట్టి చూడమనండి. ఆయనకు రోజుకూలీ ఇవ్వండి. ఈ వ్యవహారంలో నేను ఖర్చు పెట్టమనేది ఇదొక్కటే.

ప్రకటన ఇలా రాస్తే చాలు: ‘ఫిలిప్స్ వాల్వు రేడియో, చెక్క పెట్టె, 1950లలోది లేదా ఆ తరువాతిది. మోడల్ నంబరు వెనక అట్ట మీద ఉంది, ఫొటో చూడండి. మీడియం వేవ్ పాడుతోంది, షార్ట్ వేవ్ పాడడం లేదు. ఒక నాబ్ అసలుది కాదు. ఎడమ మూల చెక్క లేచింది. రేడియో మెకానిక్ కుటుంబం నుంచి.’ లోపాలు ముందే చెప్పినవాళ్ల దగ్గర బేరం తక్కువ సాగుతుంది, ఇది నా క్లయింట్ల ఇళ్లలో పాత సామాన్లు అమ్మినప్పుడు చూసిన విషయం. మీ తాతగారి పేరున పోస్టాఫీసు ఇచ్చిన రేడియో లైసెన్సు పుస్తకం కూడా ఉందన్నారు. ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకున్న ఆ పుస్తకం ‘అరుదు’ అన్న మాటకన్నా ఎంతో విలువైనది, ఎందుకంటే తేదీకి అది సాక్ష్యం. చిరునామా కనబడకుండా ఫొటో తీసి పెట్టండి.

వ్యాపారి మీద కోపం పెట్టుకోకండి. ఆయన ఆటో కిరాయి, మరమ్మతు, నెలల తరబడి నిల్వ, ఒక్కోటి ఎనిమిది పది కిలోల బరువున్న గాజు సామాను రవాణాలో పగిలే భయం, ఇవన్నీ తీసేసి రూ.27,000 అన్నారు. విడివిడిగా అమ్మితే అంతకు మించి రావచ్చు. అయితే ఆ పనులన్నీ మీరు చేయాలి. ముందు రెండు రేడియోలు అమ్మి చూడండి. ఆ రెండింటికి వచ్చిన డబ్బులోంచి ప్యాకింగ్, రవాణా తీసేస్తే మిగిలిందే మీ మార్కెట్ రేటు. ఆరు వారాల్లో ఎవరూ అడగకపోతే ధర తగ్గించండి. అప్పటిదాకా మీ ఇంటి బడ్జెట్‌లో ఈ రేడియోల విలువ సున్నా అని రాసుకోండి.

భారీ ధర పెట్టిన ప్రకటనకు ఇంకో బాధ ఉంది, అది మోసగాళ్లను పిలుస్తుంది. లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్‌కు పదివేలు కట్టండి అంటారు. క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు, పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతున్నట్టే. పాత రేడియోల్లో రెడ్ మెర్క్యురీ అనే కల్పిత పదార్థం ఉంటుందని, దానికి కోట్లు ఇస్తారని కూడా ఒక పుకారు తిరుగుతోంది. ఇదే పుకారు 2009లో సౌదీ అరేబియాలో సింగర్ కుట్టుమిషన్ల మీద లేచి, జనం వాటిని ఎగబడి కొన్నారు. మన దగ్గర రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో కుటుంబాలు ఎలా చితికిపోయాయో మీకు తెలుసు. ఇదీ ఆ కోవలోదే. మీ తమ్ముడికి అలాంటి ఫోను వస్తే మాట కలపకుండా పెట్టేయమనండి.

ఫీజుకు వద్దాం. ఇంకా మూడేళ్లు ఇలాంటి ఫీజులే ఉంటాయి కాబట్టి ముందు చదువుల రుణానికి దరఖాస్తు పెట్టండి. బ్యాంకుల మాదిరి పథకంలో రూ.4 లక్షల వరకు మార్జిన్ (ఖర్చులో మీరు సొంతంగా పెట్టాల్సిన భాగం) గానీ తాకట్టు గానీ అడగరు. అది మంజూరయ్యేలోపు ఆగస్టు గడువు వస్తే, మీ డిపాజిట్ మీదనే రుణం తీసుకోండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీకన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, డిపాజిట్ మాత్రం కదలదు. ఎనిమిది శాతం అనుకుంటే రూ.1,80,000కు నెలకు రూ.1,200. మూడు నెలల్లో చదువుల రుణం వస్తే మీకు పడేది రూ.3,600. నగలు ఇంట్లోనే ఉంటాయి.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ, ఇంట్లో వాడుకున్న రేడియో అమ్మితే మూలధన లాభాల పన్ను పడదు. మీ తమ్ముడు ఇదే ఊపులో బయట రేడియోలు కొని అమ్మడం మొదలుపెడితే మాత్రం అది వ్యాపార ఆదాయం, లెక్క రాసుకోవాలి. దుకాణం సరుకుగా మిగిలిన సెట్లు ఏవైనా ఉంటే వాటి గురించి ఆడిటర్‌ను ఒకసారి అడగండి. అప్పట్లో ఖాతాదారులు మరమ్మతుకు ఇచ్చి తిరిగి రానివి ఈ తొమ్మిదిలో ఉన్నాయేమో కూడా చూడండి. పెట్టె అడుగున పేరు రాసిన చీటీ అంటించి ఉంటుంది. అలాంటిది దొరికితే ఆ ఇంటికి కబురు చేశాకే అమ్మండి.

ఒక్క ఫొటో కూడా ఇంటర్నెట్‌లో పెట్టకముందు తొమ్మిదింటినీ వరుసగా పెట్టి మీ అమ్మగారిని పిలవండి. మూడింట ఒక వాటా ఆమెది. ఏది ఉంచుకుంటారో ఆమె చెప్పాక, మిగిలినవాటికి ధర వేయండి.