నిలువునా లేచే విమానం చేస్తున్న మానసకు

చి. మానసకు పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మలు, లెక్కలు చూసినా. చివరేడు ప్రాజెక్టుకు నిలువునా లేచి, తర్వాత రెక్కల మీద ఎగిరే విమానం నమూనా చేస్తామనుకోవడం నాకు చాలా సంతోషం. గోవాలో నౌకాదళం సీ హారియర్ల (అవీ నిలువునా లేచే యుద్ధవిమానాలే) ఇంజన్ పని చేసినవాణ్ణి కాబట్టి కొన్ని మాటలు గట్టిగానే చెప్తా.

మొదటి నెలలోనే "పైకి లేచి ముందుకు మళ్లడం" అని రాసుకున్నారు. అది కొట్టేయండి. లేవడం కష్టమే, కానీ అసలు గండం అక్కడ లేదు. గాల్లో నిలబడినదాన్ని రెక్కల మీదికి మార్చేటప్పుడు ఉంది. అప్పటికి మోటార్లు ముందుకు వంగి పైకి మోసే బలం తగ్గుతుంటుంది, వేగం చాలక రెక్కలు ఇంకా బరువు అందుకోవు.

హారియర్‌కు మూలమైన పి.1127ను హాకర్ కంపెనీవాళ్లు ఎట్లా నడిపించినారో చూడు. 1960 అక్టోబర్ 21న ఇంగ్లండ్‌లోని డన్స్‌ఫోల్డ్‌లో దాన్ని నేలకు తాళ్లతో కట్టి లేపినారు. నడిపిన బిల్ బెడ్‌ఫర్డ్ కాలికి అప్పుడు కట్టు ఉండింది. నవంబర్‌లో తాళ్లు విప్పి లేపినారు. అది కుదిరింది కదా అని గాల్లోంచి నేరుగా ముందుకు దూకించలేదు. 1961 మార్చిలో అదే విమానాన్ని మామూలు విమానం మాదిరి రన్‌వే మీద పరుగెత్తించి ఎగరేసినారు. ఆ తర్వాత ఒక పక్క నిలబడినదానికి కొంచెం కొంచెం వేగం పెంచుతూ, ఇంకో పక్క వేగంగా పోయేదాని నాజిళ్లు (ఇంజన్ గాలిని బయటికి చిమ్మే మూతులు) మెల్లమెల్లగా దించి నిదానం చేస్తూ వచ్చినారు. ఆ సెప్టెంబర్‌కు రెండు దారులూ కలిసినాయి. మీరూ రెండు చివరల నుంచీ రండి. నిలబడటం వేరుగా, రెక్కల మీద ఎగరడం వేరుగా బాగా వచ్చేదాకా మధ్యలోకి పోవద్దు.

బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు తాడు కట్టి వదులుతాం కదా, మొదట్లో మీ నమూనాకూ అట్లాంటి తాడే కావాలి. బిగుతుగా కడితే ఆ తాడే దాన్ని గుంజి పడేస్తుంది. గరిమనాభి, అంటే బరువంతా సమంగా తూగే చోటు, కిందినుంచి వదులుగా కట్టండి. గచ్చు మీదినుంచి లేపొద్దు. కిందికి తోసిన గాలి నేలకు తగిలి మళ్లీ పైకొచ్చి విమానాన్ని అటూ ఇటూ ఊపుతుంది, మన ఎర్రమట్టి, గులకరాళ్లు ఫ్యాన్లలోకి లేస్తాయి. డన్స్‌ఫోల్డ్‌లో గొయ్యి మీద ఇనుప జాలీ పరిచి లేపింది ఇందుకే. మీకు ఎత్తయిన స్టాండు మీద వెల్డింగ్ మెష్ చాలు.

మోసే మోటార్లు వేరే, తోసే మోటారు వేరే పెట్టమని మీ స్నేహితుడు అంటున్నాడన్నావు. సులువే. కానీ ఎగిరినంతసేపూ మోసే మోటార్లు ఉత్త బరువు. ఫ్రాన్స్‌లో మిరాజ్ త్రీ-వి అని ఒకటి చేసినారు, పైకి లేపడానికే ఎనిమిది ఇంజన్లు, తోయడానికి ఇంకొకటి. 1966లో ధ్వనికి రెట్టింపు వేగం అందుకుంది, అదే ఏడు రెండో విమానం కూలింది, అది సైన్యం చేతికి రాకుండానే పని ఆగిపోయింది. పి.1127కు ఒకే పెగాసస్ ఇంజన్, నాలుగు నాజిళ్లు. ముందు రెండింట్లో చల్లగాలి, వెనక రెండింట్లో వేడిగాలి. ఇంజన్ లోపల తిరిగే రెండు భాగాలు (రోటర్లు) ఎదురెదురుగా తిరుగుతాయి, అందుకే గాల్లో నిలబడినప్పుడు విమానం ఒక పక్కకు మెలితిరగదు. మీ మోటార్ల తిరుగుడూ అట్లానే జతలుగా ఎదురెదురు పెట్టండి. నా ఓటు మోటార్లు వంచే పద్ధతికే.

బరువు మాత్రం గ్రాము గ్రాముకూ లెక్క రాయాలి. మొదట లేపినప్పుడు పి.1127 లోంచి అక్కర్లేనివన్నీ పీకేసి, కొద్దిపాటి ఇంధనమే పోసినారు. మన దగ్గర ఎండ ఒక లెక్క. 15 డిగ్రీల చల్లదనంలో ఉన్న గాలి కంటే 42 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పలచన, ఫ్యాన్లకు అంత పట్టు తగ్గుతుంది. హారియర్‌కు వేడిలో బలం చాలదనే ఇంజన్‌లోకి నీళ్లు చిమ్మే ఏర్పాటు, దానికి సుమారు 225 లీటర్ల తొట్టి పెట్టినారు. మీకు ఆ అవకాశం లేదు. అందుకని మోటార్ల బలం బరువుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు, అదీ మే నెల మధ్యాహ్నం కొలిచి చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలిచి సంతోషపడొద్దు.

ఇంకొకటి, ఇది పని చేసిన చేతుల మాట. హారియర్ ఇంజన్ మార్చాలంటే మొత్తం రెక్క ఎత్తి పక్కన పెట్టాలి. రెక్క ఎత్తడం, పైపులు విప్పడం, మళ్లీ ఒక్కోటి సరిచూసి బిగించడం, ఎంత ఓపిక కావాలో చేసినవాళ్లకు తెలుసు. మీ బ్యాటరీ, మోటార్లను వంచే చిన్న యంత్రం సర్వో, రెండూ రెక్క విప్పకుండా చేతికందేట్టు పెట్టండి. పరీక్షల్లో రోజూ పాడయ్యేవి అవే. సర్వో బిగింపుల దగ్గర పొదుపు చేయొద్దు. 1961 డిసెంబర్‌లో రెండో పి.1127 గాల్లో ఉండగా ముందు నాజిల్ ఒకటి ఊడిపోయింది. బెడ్‌ఫర్డ్ బయటికి ఎగిరి బతికినాడు, విమానం దక్కలేదు. తర్వాత ఫైబర్‌గ్లాస్ నాజిళ్లు తీసి ఉక్కువి వేసినారు.

మళ్లే సమయంలో ముక్కు గాలికి ఎదురుగానే ఉండాలి. నిదానంగా పోయేటప్పుడు పక్కగాలి తగిలితే ఈ రకం విమానం ఉన్నట్టుండి పొర్లుతుంది. హారియర్ పైలట్ కళ్లముందు, అద్దానికి అవతల, చిన్న గాలిసూచిక ఉంటుంది, దాన్ని చూస్తూనే ముక్కు సరిచేసుకుంటాడు. మీ అనంతపురం వైపు గాలి తక్కువ కాదు, రామగిరి కొండల మీద గాలిమరలు నువ్వు చూసినవే. గాలి లేవక ముందే, తెల్లవారగానే మళ్లింపు పరీక్షలు పెట్టుకోండి.

సెలవుల్లో కర్నూలు వచ్చి ఓర్వకల్లు పక్క బయలులో ఎగరేస్తామన్నారు. అక్కడొద్దు. విమానాశ్రయం ఉంది, రక్షణ పరిశోధనవాళ్ల పరీక్షా క్షేత్రమూ ఉంది. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో పచ్చగా ఉన్న చోటు చూసి, మీ ప్రిన్సిపాల్‌తో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

బరువుల పట్టిక పూర్తి కాగానే పంపు. ఒక్కో వస్తువు తూచి రాసింది కావాలి, కంపెనీ కాగితంలో చూసి రాసింది వద్దు. తాడు కట్టి లేపే రోజు ముందుగా చెప్తే నేనే బస్సెక్కి వస్తా.

మీ పెదనాయన
కర్నూలు