అంచుకు అవతల ఏముందో చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ అనువాదం రెండుసార్లు చదివాను. మూలంలోని బిగువు ఎక్కడా సడలలేదు, చాలా సంతోషించాను. ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగిపోయాను. కథలో ‘అంచు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ నువ్వు ‘ఎడ్జ్’ అనే రాశావు. లోయ అంచు, గ్లాసు అంచు, దుప్పటి అంచు, ఏడుపు అంచున ఉన్న తల్లి, అన్నిటికీ అదే మాట. మన ‘అంచు’ అన్నిచోట్లా ఒదిగిపోతుంది. ఇంగ్లీషులో చోటును బట్టి మాట మారుతుంది తల్లీ.

ఏ మాట వాడాలో తోచనప్పుడు వెంటనే నిఘంటువు తీయకు. ముందు ఆ అంచు దగ్గరికి మనసులోనే వెళ్లి నిలబడు. అవతల ఏముందో చూడు. నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే.

గ్లాసునే తీసుకో. నీళ్లు పోస్తూ ఉంటే ఇక పొర్లిపోతాయేమో అనిపించే చోటు ‘బ్రిమ్’. అదే గ్లాసు ఖాళీగా ఉన్నప్పుడు పెదవికి తగిలే గుండ్రటి అంచు ‘రిమ్’. చక్రానికీ కళ్లజోడు అద్దాలకూ ఉండేది కూడా రిమ్మే. ఆ గ్లాసు పగిలిందనుకో, ముక్కను తీయబోతే వేలు కోసేది ‘ఎడ్జ్’. పాత ఇంగ్లీషులో ఆ మాట కత్తి వాదరకు కూడా వాడేవారు, ఆ పదును ఇప్పటికీ దాన్ని వదల్లేదు. పోటీలో ఒకరిది కాస్త పైచేయి అయితే వాళ్లకు ‘ఎడ్జ్’ ఉందనడం నువ్వు వినే ఉంటావు. టోపీ అంచు మాత్రం గుండ్రంగా ఉన్నా బ్రిమ్మే. దానికి నా సూత్రం పనిచేయదు, గుర్తుపెట్టుకోవలసిందే.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన జంట ‘బ్రింక్’, ‘వెర్జ్’. పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక రోగి కోలుకోబోతున్నాడని చెప్పడానికి ‘ఆన్ ది బ్రింక్’ అని రాశాను. మా పెద్దాయన దాని కింద ఎర్రగీత గీసి, “ఇతను లేచి కూర్చోబోతున్నాడా, పోబోతున్నాడా?” అని అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. బ్రింక్ అంటే నిట్టనిలువు గట్టు చివర, అవతల లోయ. యుద్ధం, దివాలా, ఒక జాతి అంతరించడం లాంటివి ఎక్కువగా దాని పక్కన కనిపిస్తాయి. విజయానికీ వాడేవాళ్లు లేకపోలేదు, కానీ అక్కడ కూడా ఊపిరి బిగబట్టిన భావం ఉంటుంది. 1956లో అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, యుద్ధంలోకి దిగకుండా దాని అంచుదాకా వెళ్లగలగడం ఒక నేర్పు అన్నట్టు మాట్లాడాడు. దాన్ని విమర్శించిన డెమోక్రటిక్ పార్టీ నాయకుడు అడ్లై స్టీవెన్సన్ పేరుతోనే ‘బ్రింక్‌మన్‌షిప్’ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది.

వెర్జ్ లో ఆ లోయ లేదు. అది లాటిన్‌లో కర్ర అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఇంగ్లండులో రాజాస్థానపు అధికారి చేతి దండం ఆ పేరుతోనే ఉండేది. ఆస్థానం చుట్టూ పన్నెండు మైళ్ల మేర ఆ అధికారం చెల్లేది, ఆ మేరను కూడా వెర్జ్ అన్నారు. అలా హద్దు అనే అర్థం స్థిరపడింది. ఇప్పుడు ‘ఇంకొద్ది క్షణాల్లో జరగబోతోంది’ అన్నచోట మంచికైనా చెడుకైనా చక్కగా సరిపోతుంది. నీ కథలో తల్లి ఏడుపు అంచున ఉంది చూడు, అక్కడ కావలసింది ఇదే.

ఇక హద్దుల సంగతి. ‘బౌండరీ’ అంటే ఇక్కడితో నాది అయిపోయిందని. మైదానం, స్థలం, అధికారం, మనుషుల మధ్య పాటించే దూరం అన్నీ అందులోకి వస్తాయి. ‘బోర్డర్’ దగ్గర నిలబడితే అవతల ఇంకొకరిది మొదలవుతుంది, దాటాలంటే అనుమతి కావాలి. బట్టకు వేరే రంగులో నేసిన పట్టీ కూడా బోర్డరే. మడిచి కుట్టిన అంచు అయితే ‘హెమ్’, నీ దుప్పటికి పనికొచ్చేది అదే. ‘ఫ్రాంటియర్’ అవతల ఉన్నదేమిటో ఇంకా తెలియదు, అందుకే విజ్ఞానశాస్త్రం గురించి రాసేవాళ్లకు ఆ మాట ఇష్టం. కొలవగలిగినది అయితే ‘లిమిట్’, వేగమైనా ఖర్చయినా.

‘డెడ్‌లైన్’ కూడా ఒకప్పుడు నేల మీది హద్దే. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరలో ఖైదీలకు ఒక గీత ఉండేది. దాటితే కాల్చేసేవారు. గడువు తేదీని ఆ పేరుతో పిలిచినప్పుడల్లా నాకు ఆ ఖైదీలే గుర్తొస్తారు.

నదికి ‘బ్యాంక్’, సముద్రానికి ‘షోర్’, పటంలో చూస్తే ‘కోస్ట్’. ఇవి నీకు తెలిసినవే.

నీ నాలుగో పేజీలో ‘పొలిమేర’ రెండుసార్లు ఉంది. మొదటిచోట అక్కడ ఒక ఇల్లుంది, మనుషులు కాపురం ఉంటున్నారు. గీత మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు కదా, అక్కడ ‘అవుట్‌స్కర్ట్స్’ అను. రెండోచోట కుర్రవాడు పొలిమేర దాటి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఏ మాట వేస్తావో నువ్వే ఆలోచించి రాసి పంపు, మళ్లీ చదువుతాను.

మీ మామయ్య